తులసి బతికిన మధ్యాహ్నం

విజయలక్ష్మి కంటికి ఆపరేషన్ చేసి, కట్టు కట్టి ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో భర్త వెంకట్రాజం మనసులో నాటుకున్నది ఒక్కటే. "కుట్లు పచ్చిగున్నయి. ఆమెకు ఏడుపు గిట్ల రాకుంట జర చూస్కోండి." ఆమెకు రెండో కంటి చూపు ఎప్పుడో పోయింది. ఉన్నది ఈ ఒక్క కన్నే. అది కూడా పోతే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి అన్నం సహించడం లేదు.

హనుమకొండ చౌరస్తాలోని స్టీలు సామాన్ల కొట్టును తమ్ముడికి అప్పజెప్పి, కాశిబుగ్గలోని ఇంట్లో కాపలా కూర్చున్నాడు. ఉల్లిగడ్డలు పెరట్లోకి పోయి తరిగాడు. టీవీ సీరియళ్లు బంద్ పెట్టాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే ఆపి, "నవ్వుకుంట మాట్లాడుండ్రి" అని హెచ్చరించి లోపలికి పంపాడు. అలా చెప్పాక ఎవరికి నవ్వొస్తుంది? పాపం, వాళ్లు టీ తాగి మెల్లగా జారుకున్నారు.

ఇంత చేసినవాడు ఒక నవల దగ్గర బోల్తా పడ్డాడు.

"పొద్దు పోతలేదయ్యా. దిండు కింద బుక్కున్నది, జర చదివి వినిపియ్యి," అందామె ఆ మధ్యాహ్నం.

బిల్లుపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టిన మనిషి కాదతను. ఆమె నవల ముందేసుకుని ముక్కు చీదుతుంటే "లేని మనుషుల కోసం ఏడుపేందే" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. కథే కదా అనుకుని మొదలుపెట్టాడు.

తులసి అని తల్లిలేని పిల్ల. తండ్రి పడవ నడుపుతాడు. పిల్లకు జ్వరం, బయట వాన. తండ్రి మందు కోసం ఏరు దాటి పోయాడు. పేజీ తిప్పిన వెంకట్రాజం ముందున్న నాలుగు వరసలు చూసి బిగుసుకుపోయాడు. పిల్ల ప్రాణం పోయింది. ఆ సంగతి తెలియని తండ్రి తడిసిన అంగీలో మందు దాచుకుని, వాకిట్లోంచే పిలుస్తున్నాడు.

"ఆగినవేంది? తులసికి ఎట్లున్నది?"

"తులసి..." అతని నుదుట చెమట పట్టింది. "లేచి కూసున్నది. జ్వరం తగ్గింది."

"మందు రాకముందేనా?"

"పక్కింటామె గోళీ ఇచ్చింది."

"తర్వాత?"

"ఆకలైతాందన్నది. ఉప్మా చేసి పెట్టిండ్రు."

"అంత వానల ఉప్మానా?"

"అట్లనే రాసిండే. నేనేం చేయాలె?"

జన్మలో కథ చెప్పనివాడికి ఇంతకంటే ఏం తోస్తుంది? ఉప్మా తర్వాత ఏం జరగాలో తెలియక కళ్లు మళ్లీ అచ్చు మీదికే పోయాయి. 'బంగారీ, మందు తెచ్చిన' అంటున్నాడు ఆ తండ్రి. లోపల పలికే నోరు లేదు. వెంకట్రాజం కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారిపోతున్నాయి. చప్పుడు వింటే ఆమెకూ ఏడుపొస్తుంది, ఆ కన్ను పోతుంది. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని కట్టు వంక చూశాడు. తడి కనిపించలేదు. అయినా భయం తీరలేదు.

"ఆ పిల్ల సచ్చిపోతది గద," అంది విజయలక్ష్మి నెమ్మదిగా.

అతను పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"నేను చదివిన బుక్కే అది. మొదలు బాగుంటదని చదవమన్న. ఆ పేజీ కాడ ఆపుమందామనుకున్న. అది దగ్గరపడ్డకొద్దీ నాకు గుండె దడదడలాడింది. నేను నోరు తెరిచేలోపట్నే నువ్వు ఉప్మా పెట్టినవ్." ఆమె పెదాలు కొద్దిగా నవ్వాయి. "ఏడుపు పోయి నవ్వొచ్చింది."

తడుముకుంటూ చెయ్యి చాపింది. అది అతని చెంపకు తగిలి ఆగిపోయింది. తువ్వాలు పక్కకు లాగి, కొంగుతో ఆ తడి తుడిచింది. తుడిచేకొద్దీ వస్తూనే ఉంది.

"ఆపుకోకయ్యా," అంది. "నా వంతు గూడ నువ్వే ఏడువు. నీ కండ్లకు ఆపరేషన్ కాలేదు గద."