సగం బావిలో గంగన్న

శుక్రవారం సెలవు. భూమయ్య చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఆ తర్వాత బియ్యం కడిగాడు. సిమెంటు తిన్న వేళ్లవి. గోళ్ల చుట్టూ తోలు పగిలి, నీళ్లు తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. తట్టలు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. ఎడారి దేశానికి వచ్చి ఈ సహంలో ఇన్నాళ్లుగా పనిచేస్తున్నా మేస్త్రీ అతన్ని పేరుతో పిలిచింది లేదు. ఊళ్లో అయినా అంతే లెండి. ఇంటినిండా పిల్లలున్న తల్లికి వీడి పేరు చప్పున నోటికి వచ్చేది కాదు.

కానీ శుక్రవారం దీపం పెట్టాక ఆ రేకుల రూములో భూమయ్యే రాజు. దయ్యాల ఆట అతను నడపాల్సిందే. దాన్ని సైటు మీది లండన్ ఇంజనీరు, కంపెనీ బండి నడిపే ఖాదర్‌కు నేర్పాడు, ఖాదర్ వీళ్లకు నేర్పాడు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. ఏం చేస్తారో వాళ్లు చెప్పాలి, బతికేదీ చచ్చేదీ పాచిక తేల్చాలి. ఇంజనీరు చెప్పిన రాకాసుల పేర్లకు ఎవరికీ నోరు తిరగలేదు. భూమయ్య వాటిని తీసిపారేసి తమవైపు కొరివిదయ్యాలను దింపాడు. ఒక్కదాన్ని మాత్రం ఉంచుకున్నాడు, చుక్కల అవతల పడుకుని ఉండే పేరులేనిదాన్ని.

"దానికి మనమీద పగ లేదు. మనం ఉన్నట్టే దానికి ఎర్కలేదు," అనేవాడు.

"అయితే మన కంపెనీ అసొంటిదే," అనేవాడు గంగన్న. రూమంతా పడీపడీ నవ్వేది.

ఆ గంగన్నే ఇవాళ చాప మీద కాలిపోతున్నాడు. నిన్న ఎండలో స్లాబు మీద కుప్పకూలాడు. సెలవునాడు కంపెనీ బండి కదలదని క్యాంపు బాస్ చేతులు దులుపుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఎవరి బండైనా అడిగి తెస్తానని ఖాదర్ తెల్లవారగానే వెళ్లాడు. మిగతావాళ్లు కూడా తలో దిక్కు పోయారు. రూములో వీళ్లిద్దరూ, పెద్దాయన లచ్చన్నా మిగిలారు. లచ్చన్న బయట రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

"భూమన్నా, కన్ను మూస్తే ఎటో గుంజుకపోయినట్టైతున్నదే," అన్నాడు గంగన్న. "ఆట పెట్టరాదు."

"పట్టపగలా?"

"నీ కాల్మొక్కుత. నన్ను నిద్ర పోనియ్యకు."

పగలు కథ చెబితే దారిలో ఉన్నవాళ్లు తొవ్వ తప్పుతారని వాళ్లవైపు గట్టి నమ్మకం. భూమయ్య తటపటాయించాడు. కానీ అందరినీ ఆటపట్టించే మనిషి అట్లా బతిమాలుతుంటే తట్టుకోలేక, తడిగుడ్డ నుదుటి మీద మార్చి గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. గంగన్న గొర్రెలకాపరి. గొర్రెపిల్ల ఒకటి తప్పిపోయి దిగుడుబావిలో పడింది. దిగేకొద్దీ నీళ్లు లేవు, కిందంతా ఆకాశమే, అందులో ఒక్క చుక్కా లేదు.

"ఏం జేస్తవు గంగన్నా?"

"కట్టె ఆనిచ్చుకుంట... దిగుత."

పాచిక తక్కువ పడింది. భూమయ్య వేలితో తిప్పి పెద్ద అంకె పైకి తెచ్చాడు. ఆటలో తొండి చేయడం అతనికి అదే మొదలు. గంగన్న కళ్లు తెరుచుకునే ఉన్నాయి, అడిగినదానికల్లా బదులిస్తున్నాడు. దేవుడా, ఇట్లాగే ఉంచు, అనుకున్నాడు భూమయ్య.

"ఒరే భూమిగా! నీకు బుద్ధున్నదారా?" లచ్చన్న లోపలికి వస్తూనే విరుచుకుపడ్డాడు. "బండి తేను పోయినోడు తొవ్వల ఉండె. నువ్వు పగటీలి కథ పెడ్తివి! పొద్దు నెత్తి మీదికొచ్చె, ఇంకా జాడ లేదు. ఆడు ఖర్జూరతోటల పడి తిరగాల్నా?"

నిజమే, ఈపాటికి రావలసిన బండి. భూమయ్య పాచిక జేబులో వేసుకున్నాడు.

"ఆపకే... బావిల సగంల ఉన్న."

"జెర ఓపిక పట్టు గంగన్నా. బండెక్కినంక నీ పక్కపొంటి కూసోని చెప్త."

"మెట్టు కనవడ్తలేదు."

భూమయ్య పళ్లు బిగించుకుని రోడ్డు వైపు చూశాడు. చెప్పాల్సిన కథంతా గొంతులోనే ఉంది. గంగన్న "ఆ తర్వాత?" అని ఇంకోసారి అడిగాడు, మళ్లీ అడగలేదు. పోనీలే, కన్నంటుకుంది, అని భూమయ్య కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

బండి వచ్చింది. "చలో చలో," అంటూ ఖాదర్ దూకాడు. గంగన్నను లేపబోయి భూమయ్య అట్లాగే ఆగిపోయాడు. ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది. ఊపిరి లేదు.

లచ్చన్న ఖాదర్ వైపు తిరిగాడు. "తొవ్వ తప్పినవా, ఖాదరూ?"

"తొవ్వెందుకు తప్పుత? రోజు తిరిగే రోడ్డాయె. పొద్దుగాల్నుంచి పదిమందినడిగిన, ఇస్తనన్నాయన జుమ్మా నమాజుకు పోయిండు. వచ్చేదాంక ఆడ్నే కూసున్న. బండి చావి చేతిల వడంగనే సీదా వచ్చిన."

లచ్చన్న తలపాగా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అడుగుతుంటే ఆపిన," అన్నాడు భూమయ్య లచ్చన్నతో. "నోరు మూసుకొని కూసున్న, మామా. అడుగుతుంటే ఆపిన." గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. తర్వాత గంగన్న చెవి దగ్గరికి వంగాడు. "ఇంకొక్క మెట్టేరా. పిల్ల దొరికింది. సంకల పెట్టుకో. మీదికి రా, నేను చెప్తున్న గద, రా." లచ్చన్న ఈసారి వద్దనలేదు.

గంగన్న తలకు పెట్టడానికని ఖాదర్ చేపల దుకాణంలో అడిగి తెచ్చిన ఐసుగడ్డ, గోనెసంచిలో చుట్టింది చుట్టినట్టే, గడప దగ్గర ఉండిపోయింది.