ఎనిమిది లైన్లు

నాకు అబద్ధమాడుడు చాతకాదు, గదే నా రోగం. మా మేనేజర్ రాజేందర్ సార్ ఒక కాగితం నా ముందలేసి "జ్యోతిరాణీ, జర సంతకం పెట్టు" అన్నడు. అండ్ల రాసింది ఒక్కటే ముచ్చట: సిగ్నల్ లేక కాల్ రాలేదని.

మాది తాండూరు దిక్కు అంబులెన్సులు పంపే ట్రస్టు. ఫోన్ సెంటరు వికారాబాద్‌ల ఉంటది, అండ్ల లైన్లు, సర్వరు చూసుకునేది నేను. మొన్న వానల్ల యాలాల్ కాడ గొర్లు కాస్తున్న బీరయ్యను పాము కరిస్తే, ఆయన భార్య సుమిత్రమ్మ మాకే ఫోన్ చేసింది. కలవలే. ఆటోల దవాఖానకు తీస్కపోయేసరికి పానం పోయింది. ఆమెకు నంబరు కొట్టుడు రాలేదని ఊరంత అన్నది. కొడుకు విజయ్‌కుమార్ పందొమ్మిది రోజులసంది తల్లితోటి మాట్లాడుతలేడు.

నేను సర్వర్ల రికార్డు తీసి చూసిన. ఆమె కాల్ ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ మా సర్వరే వాపస్ పంపింది. ఎనిమిది లైన్లు నిండి ఉన్నయి, తొమ్మిదో కాల్‌కు జాగ లేదు.

ఎనిమిది సాలని లెక్క కట్టిందెవరు? నేనే. రద్దీ గంటల ఎన్ని కాల్స్ వస్తయి, ఒక్కో కాల్ ఎంతసేపు నడుస్తది అని చూసి లైన్లు, సర్వరు, ఇంటర్నెట్ అన్నీ ఖాయం చేస్తరు. కాల్‌కు రెండు నిమిషాలని పట్నం సెంటరు లెక్క తెచ్చి పెట్టిన. మా దిక్కు గట్ల మాట్లాడుతరా? ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడిగినంకనే అసలు సంగతి. బషీరాబాద్ వాళ్లయితే సగం కన్నడంల చెప్తరు, మళ్ల అడగాలె. ఐదు నిమిషాలు పడ్తది. గీడనే పుట్టి గీడనే పెరిగిన నాకు గది తట్టలే. సిగ్గుతోటి తల ఎత్తలేకపోయిన.

సంతకం పెట్టలే. "నౌకరి పోతది" అన్నడు సార్. "పోనీయ్ సార్" అన్న. రికార్డు కాగితం పట్టుకొని తాండూరు బస్సెక్కిన, ఆడికెళ్లి యాలాల్‌కు ఆటోల పోయిన.

సుమిత్రమ్మ ఇంటి ముంగట కూసోనున్నది. కొడుకు దొడ్డిల గొర్లకు నీళ్లు పెడుతున్నడు.

"అమ్మా, నంబరు నువ్వు సరిగ్గనే కొట్టినవ్. ఆరుసార్లు కొట్టినవ్. మా కాడ లైన్లు సాలలే. గా లెక్క తప్పు చేసింది నేను" అన్న.

తిడ్తదనుకున్న. కొట్టినా పడదామనుకున్న. ఆమె కాగితం పట్టుకొని శానాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఆరుసార్లు అని ఇండ్ల ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నదమ్మా."

అప్పుడు లేచింది. నా చెయ్యి గట్టిగ పట్టుకొని దొడ్డి కాడికి తీస్కపోయింది. "గీ మాట వానికి చెప్పు, బిడ్డా. నేను చెప్తే నమ్ముతలేడు."

చెప్పిన. రెండోసారి చెప్పుడు ఇంకా కష్టమైంది. విజయ్‌కుమార్ బకెట్ కింద పెట్టి, కాగితం తీసుకొని ఆరు టైములూ ఒక్కొక్కటి వేలు పెట్టి చదివిండు. నా దిక్కు చూడలే. తల్లి దిక్కు తిరిగి "అమ్మా" అన్నడు.