లోపల ఏముందో చూడొచ్చా?

మూత తీసి చూడనివ్వని వస్తువంటే భారతమ్మకు ఒళ్లు మంట. తోటకు నీళ్లు తోడే ఆయిలింజను కొన్న కొత్తలో, అమ్మినవాళ్లు దానికి సీలు వేసి, విప్పితే మా పూచీ లేదన్నారు. అది ఆగిపోతే, మెకానిక్కు ఖమ్మం నుంచి బూర్గంపాడు చేరేసరికి మిరపతోట సగం ఎండిపోయింది. తీరా వచ్చి అతను చేసిందేమిటంటే, మూత తీసి ఇంత మడ్డి తుడిచాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె విప్పని రేడియో లేదు, గడియారం లేదు. తిరిగి బిగించినవి మాత్రం తక్కువే. ఆ మాట ఆమె ముందు ఎవరూ ఎత్తరు.

తొంభై తొమ్మిది వానాకాలంలో కంప్యూటరు వంతు వచ్చింది. కోడలు సుబ్బరత్నం ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చదువుతోంది. పరీక్షకు రాసుకున్న ప్రాజెక్టంతా అందులోనే ఉంది, సోమవారం అప్పజెప్పాలి. శనివారం పొద్దున్నే అది మొరాయించింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే.

"షాపుకు పంపుదాం. ఆయనే మళ్లా సిస్టమ్ ఎక్కించి ఇస్తడు," అన్నాడు కొడుకు రామారావు.

"పోయినసారి గిట్లనే పంపితే నేను రాసుకున్నదంత తుడిచి ఇచ్చిండు. మళ్లా మొదటి నుంచి రాసే టైం లేదు. పరీక్ష పోతది," అంది రత్నం.

తన పుస్తకాల సంచిలోంచి ఒక సీడీ తీసుకొచ్చింది. తనతో చదివే ఆంథోని ఇచ్చాడట. పేరు లైనక్స్. అదీ కంప్యూటరును నడిపించే సిస్టమే, పైసా ఇవ్వక్కర్లేదు. ముందు దాంతో పాత డిస్కులో ఉన్నవి బయటికి తీసుకుని, తర్వాత పాతదాని స్థానంలో దీన్నే పెట్టుకోవచ్చు. తన ప్రోగ్రాముల్లో నాలుగు మాటలు మారిస్తే ఇందులోనూ నడుస్తాయి.

"ఉత్తగ ఇచ్చేదాన్ని ఇంట్ల పెట్టుకుంటమా? అండ్ల ఏం మతలబుందో!" అన్నాడు రామారావు. అతని అసలు బెంగ పాత సిస్టమ్‌లో ఉన్న పేకాట గురించి. అది ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఎండుమిరప తొడిమలు తీస్తున్న భారతమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"అండ్ల ఏముందో మనం చూడొచ్చానే రత్నం?"

"అవ్ అత్తమ్మా. తయారుచేసినోళ్లు లోపల రాసిందంత బయటపెట్టిండ్రు. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు."

"మరి షాపాయన ఎక్కించింది?"

"దాని లోపలిది మనకు చూపరు."

ఇక భారతమ్మకు వేరే పంచాయితీ అక్కర్లేకపోయింది. "అయితే గిదే పెట్టు."

"చెడిపోతే ఎవరు బాగుచేస్తరమ్మా?" అన్నాడు రామారావు.

"ఇప్పుడు బాగున్నదా ఏందిరా?"

రత్నం సీడీ వేసింది. తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు చీమలబారులా పైకి పాకాయి. "అయిపోయింది," అన్నాడు రామారావు. రత్నం ఏదో టైపు చేసింది, తప్పుపోయింది. పెదవి కొరుక్కుని మళ్లీ చేసింది. పాత డిస్కులోని పేర్లు వరసగా తెరమీదికి దిగాయి.

"ఉంది అత్తమ్మా, నా ప్రాజెక్టు ఉంది!" అని చిన్నపిల్లలా అరిచింది. ఆ తెరమీద ముక్క అర్థం కాకపోయినా భారతమ్మకు కడుపు నిండిపోయింది.

అన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాక, పాతదంతా తుడిచెయ్యనా అని మిషన్ అడిగింది. రామారావు "పేకాట..." అని సగంలో ఆగిపోయాడు. రత్నం మీట నొక్కేసింది.

అన్నాల వేళకు కొత్త సిస్టమ్ ఇంకో ప్రశ్న వేసింది.

"పాస్‌వర్డ్ పెట్టమంటున్నది. ఏం మార్చాలన్నా, తీసెయ్యాలన్నా ఇది తెలిసినోళ్లదే పెత్తనం," అంది రత్నం.

"నేను చెప్తా, కొట్టు," అంటూ రామారావు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

రత్నం చేతులు ఆగిపోయాయి. అత్తగారి వైపు చూసింది. బీరువా తాళంచెవి నుంచి ట్రాక్టరు తాళంచెవి దాకా ఆ ఇంట్లో అన్నీ భారతమ్మ నడుముకే వేలాడతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో గుప్పెడు చక్కెరకు కూడా తన అత్తను అడుక్కోవాల్సి వచ్చిన రోజులు భారతమ్మకు గుర్తొచ్చాయి. ఆ ఉక్రోషం ఇంకా చల్లారలేదు.

"నన్నేం చూస్తవు? చదివేది నువ్వు. నీకు నచ్చింది పెట్టుకో, మాకు చెప్పకు."

"నీకు గూడ వద్దా అత్తమ్మా?"

"నాకు అసలే చెప్పకు. తెలిస్తే నేను వేలుపెట్టకుండ ఊకోను."

కొడుకు భుజం పట్టుకుని గోడవైపు తిప్పి, తనూ అటే తిరిగి నిలబడింది. వెనకాల మీటలు టకటకమన్నాయి. ఒక్కసారి మెడ తిప్పి చూడాలని భారతమ్మ ప్రాణం కొట్టుకుంది. కానీ చూడలేదు.