సరుగుడాకు

గురమ్మ తట్ట బోర్లించి, ఎడమ మోకాలు చేత్తో పట్టుకుని, నిలుచునే, సరుగుడాకును కాలితో వంగమొక్కల మొదళ్లకు నెట్టుకొస్తోంది. కూర్చుంటే మళ్లీ లేవలేదు. నెరిసిన జుట్టులో సరుగుడాకు సూదుల్లా గుచ్చుకుని ఉంది. సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల కింద గలిజేరు కలుపు మొలవదని ఆమెకు ఏనాడో తెలుసు. ఒంగలేని రోజు వచ్చాకే అది పనికొచ్చే సంగతని తోచింది. ఊళ్లో ఆడవాళ్లంతా వరి ఉడుపుల్లో ఉన్నారు. కలుపుకి పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఈ పది సెంట్లూ కలుపు పాలైతే పక్కచేను సోములుకి కౌలుకిచ్చేస్తానని కొడుకు తెగేసి చెప్పాడు.

మొన్న కప్పిన రెండు సాళ్లు మళ్లీ బోడిగా ఉన్నాయి. ఎర్రకాడల గలిజేరు అప్పుడే తలెత్తింది. కాలి బొటనవేలితో ఒక మొలక పట్టి లాగింది. తెగింది గాని వేరు రాలేదు.

"ఒసే నీలవేణీ, ఆకు మళ్లీ ఎత్తుకెళిపోనావేటే?"

కోడలు చోడంబలి ముంత గట్టు మీద పెట్టింది. "పొయ్యిలోకి పుల్ల నేదత్తా. వంగమొక్కలికి దుప్పటి కప్పితే మన కడుపులు నిండుతాయేటి?"

"మొక్కలిక్కాదే, కలుపుకి కప్పినాను. ఊపిరాడకుండా."

"నాలుగు గుప్పిళ్లే తీసినాను."

"తీసిన కాడల్లా ఎలా లెగిసిందో సూడు."

పక్కచేలోంచి సోములు నవ్వాడు. "ఎందుకా యాతన పిన్నీ, నాకొగ్గియ్యి."

"ముందు నీ సేలో గలిజేరు పీకి, అప్పుడు రా."

అంబలి తాగి మళ్లీ సరుగుడు తోటకు నడిచింది. పొద్దు వాలేలోగా ఇంకో రెండు తట్టలు తెచ్చింది. రెండో తట్ట బోర్లించి, కుప్పకు కాలు ఆనించి, ఆయాసం తీరేదాకా అని గట్టుకు చేరబడింది. సోములు రెండుసార్లు పిలిచాడు. కోపంతో పలకడం లేదనుకున్నాడు.

ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు. చుట్టాలే అన్నం వండి తెచ్చారు. ఆకు కోసం ఎవరూ చేలోకి రాలేదు. మూడో రోజే కొడుకు కౌలుకి సోములుకి మాటిచ్చేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే నీలవేణి తట్టతో వచ్చింది. బోడి సాళ్లలో గలిజేరు చీలమండ దాకా అల్లుకుంది. కప్పిన సాలులో చెయ్యి పెట్టి ఆకు ఎత్తి చూసింది. కింద నల్లటి తడి మట్టి. ఒక్క మొలక లేదు. ఎత్తిన ఆకు మళ్లీ కప్పేసింది.

"ఈ ఆకు నువ్వెత్తుకెళ్తావా, నన్ను తీసి పారెయ్యమంటావా?" అన్నాడు సోములు గట్టు మీంచి.

"ఉండనియ్ బావా," అని ఖాళీ తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

సాలు చివర, పరచని ఆకు కుప్ప తట్ట ఆకారంలోనే ఉంది. ఒక పక్కన మాత్రం, నెట్టబోయి ఆగిన పాదమంత గుంట.