పుణ్యవతికి దొరకని హంతకుడు

దవడ ఒక పక్కంతా సలుపుతోంది. రామచంద్రం ఎడమ అరచేత్తో దాన్ని అదిమిపట్టుకుని, కుడిచేత్తో చివరి పేజీ సాపు రాస్తున్నాడు. మోకాళ్లమీద అట్ట, దానిమీద తెల్లకాగితాలు, మెడలో తువ్వాలు. మూసాపేటలోని ఆ రెండు గదుల వాటాలో పొద్దుటిపూట ఆయన కూర్చునే తీరు ఎప్పుడూ అదే.

వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న పుణ్యవతి తలెత్తకుండానే అడిగింది.

"ఆ కాంపౌండరేగా చంపింది?"

"రేపు పొద్దున ఫోన్లో వింటావుగా."

"వినేదేముందండీ! మీరు ఎవణ్ణి పనిగట్టుకుని మంచివాడని రాస్తారో వాడే హంతకుడు. నాకు తెలీదూ?"

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే దవడ ఇంకా లాగింది.

పెళ్లయిన కొత్తలో మొదలైన పంతం ఇది. బెజవాడ బస్టాండు కొట్లలో పాకెట్ నవలలు పురికొసలకు వేలాడే రోజులవి. ప్రచురణకర్త ముందే ముఖచిత్రం అచ్చేయించి చేతిలో పెట్టేవాడు. పిస్తోలు పట్టిన పిల్లో, బావిలో తేలే చెయ్యో. ఆ బొమ్మకు తగ్గ హత్య ఒకటి రామచంద్రం పుట్టించాలి. అట్టమీద పేరు మాత్రం ఆయనది కాదు. ఆ పేరుతో మనిషెవరూ లేరు, నలుగురు రచయితలు ఆ ఒక్క పేరు వెనకాల రాసేవాళ్లు. సగం పుస్తకం సాపయ్యేసరికి పుణ్యవతి చదివి, హంతకుడెవరో తేల్చేసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆవిడ బోల్తా పడలేదు.

తర్వాత పాకెట్ నవలలు పోయాయి. హైదరాబాదు వచ్చాక ప్రూఫులు దిద్దడంలోనే ఆయన జుట్టు నెరిసింది. ఇప్పుడు, ఈ వయసులో, రాయదుర్గంలో ఫోన్లో కథలు వినిపించే కంపెనీ ఒకటి ఆయన్ని పిలిచి, ఒక ముసలాయన చావు మీద డిటెక్టివు సీరియల్ రాయించింది. ప్రతి భాగం మొదట్లో ఆయన పేరు, అచ్చంగా ఆయన పేరే, ఒక గొంతు చదువుతుంది. ఆ పేరు వినబడే కథలోనైనా భార్యను ఒక్కసారి ఓడించాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

"పన్ను పీకించుకోమంటే వినరు కదా," అంటూ పుణ్యవతి లవంగాలు కాగితంలో చుట్టి ఆయన చొక్కా జేబులో పెట్టింది. "పంటికింద పెట్టుకోండి. సాయంత్రానికి సర్దుకుంటుంది."

మెట్రో మెట్లమీద రెండుచోట్ల ఆగాడు. అమీర్‌పేటలో బండి మారి చల్లటి పెట్టెలో కూర్చున్నా చెమటలు ఆగలేదు. ఎడమచెయ్యి బరువెక్కింది. సంచి మోసినందుకే అనుకున్నాడు. ఆయన నవలల్లో గుండెపోటు వచ్చినవాడు ఛాతీ పట్టుకుని కుప్పకూలేవాడు. దవడ పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

రాయదుర్గం ఆఫీసులో కాగితాలు చదివి జయంతి బిత్తరపోయింది. సీరియల్ బాగోగులు చూసేది ఆ అమ్మాయే.

"సర్, కిల్లరే లేడా? ఆ ముసలాయన మామూలుగా చనిపోయాడా? ఇన్ని ఎపిసోడ్లు విన్నాక లిజనర్స్ ఊరుకోరు సర్. కాంపౌండర్ని కిల్లర్ చేసేద్దాం."

"అమ్మాయ్, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాను, ఎంత సాగదీయమంటే అంత సాగదీశాను. ఇది మాత్రం మార్చకు." దవడ నొక్కుకుంటూ ఆగాడు. "మా ఇంటావిడ వింటుంది. ఆవిడ అందరినీ అనుమానిస్తుంది. ఎవరినీ అనుమానించకుండా ఉండటమే ఆవిడకి చేతకాదు. అక్కడ దొరుకుతుంది నాకు."

జయంతి ఆయన ముఖం చూసి మెత్తబడింది. "సరే సర్. తిట్లు ఇద్దరం పంచుకుందాం."

కిందికొచ్చి, తన సీరియల్ వదలకుండా వినే పోచయ్య బండి దగ్గర సోడా అడిగాడు.

"ఏంది సారూ, గిట్ల చెమటలు పట్టినయ్? జర దవాఖానకు పోరాదు?"

"గ్యాసు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"మంచిది. ఇగ గా ముసలాయనను సంపినోడెవడో నాకన్న చెప్పు."

"రేపు," అన్నాడు రామచంద్రం. గెలిచినవాడిలా నవ్వాడు.

ఇంటికి చేరి, చొక్కా విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, మంచమ్మీద నడుం వాల్చాడు. ఎండ ఇంకా గోడమీదే ఉంది. పుణ్యవతి కాఫీ కలిపి తెచ్చేసరికి ఆయన పోయాడు.

పక్కవీధి డాక్టరు వచ్చి చూసి, అడగాల్సినవన్నీ అడిగి, "పంటినొప్పి కాదమ్మా అది. గుండెది," అని వెళ్లాడు. ఆ మాట పుణ్యవతిని కాల్చుకు తింది. కర్మకాండలు ముగిసి, వచ్చినవాళ్లు వెళ్లిపోయినా అదే మాట. చూడవచ్చిన జయంతితో కూడా అదే చెప్పుకుంది.

"ఆయన దాచిపెట్టిన హంతకుల్నందర్నీ పట్టానమ్మా. ఎదురుగా దవడ పట్టుకుని కూర్చుంటే, లవంగాలిచ్చి పంపాను. నేనే పంపాను."

జయంతి ఫోను తీసి ఆవిడ ఒళ్లో పెట్టి, చివరి భాగం వినిపించింది. ముందు రామచంద్రం పేరు వినబడింది. పుణ్యవతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కథలో ఇంటిల్లిపాదీ ఒకరినొకరు అనుమానించుకుంటూ కూర్చున్నారు. డిటెక్టివు లేచాడు.

"ఆయన్ని ఎవరూ చంపలేదు. చావొచ్చింది, పోయాడు. మీలో ఎవరి తప్పూ లేదు. ఇక దీపాలార్పి పడుకోండి."

పుణ్యవతి నోటికడ్డం ఉన్న కొంగు తీసేసింది.

"కాంపౌండరు కాదా!" అంది. "ఓడించారమ్మా నన్ను. ఇన్నాళ్లకి ఓడించారు." ఆ మాటతో అన్నాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. జయంతి భుజమ్మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తలుపు వెనక కొక్కేనికి చొక్కా ఇంకా అలాగే వేలాడుతోంది. దాని జేబులో కాగితం పొట్లం, పొట్లంలో లవంగాలు, వాటిలో ఒకటి సగం కొరికినది.