స్కోరు మంచిగనే వచ్చింది

తెర మీద మంచుకొండ పగిలింది. పగుల్లోంచి నిప్పులు కక్కుతూ ఓ ఇనుప పక్షి లేచింది, గిరగిరా తిరిగింది, మళ్లీ మంచులో కూలింది. సాలోమోను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ కుర్చీలో కూర్చుని తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్‌లు చూసిన మనిషికి ఇనుప పక్షితో ఏం పని? పనల్లా ఆ బొమ్మ అయిపోయాక తెర మధ్యన పడే అంకెతోనే. ఆ అంకె తక్కువ రావాలి. పొద్దున ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా అదే అడిగాడు. కంప్యూటర్ పాడైందని తేలేట్టు చెయ్యి ప్రభువా అని మొక్కిన భక్తుడు ఆర్మూర్ మొత్తంలో ఇతనొక్కడే అయి ఉంటాడు.

యాభై దాటిన మనిషి. మెడ ముందుకు వంగిపోయి, కూర్చున్నప్పుడే కాదు, నడిచేటప్పుడు కూడా తెరలోకి తొంగి చూస్తున్నట్టే ఉంటాడు. మౌస్ పట్టీ పట్టీ కుడి మణికట్టు కింద చర్మం నల్లబడి కాయ కాసింది. చొక్కా జేబులో షుగర్ మాత్రల పట్టీ ఉబ్బెత్తుగా కనిపిస్తూ ఉంటుంది. కుర్చీలో ఉన్న మెత్త అతని భార్య సువార్త పాత చీర మడతపెట్టి కుట్టిచ్చింది.

స్టూడియో మార్కెట్ యార్డుకు పోయే దారిలో, ఎరువుల దుకాణం పైన. ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు, వెనక గదిలో మిక్సింగ్. పెళ్లి వీడియోలను కోసి, అతికించి, పాటలు పెట్టి, రంగులు సరిచేసి మూడు గంటల సినిమాగా మార్చడాన్నే మిక్సింగ్ అంటారు. అందుకని అతను మిక్సింగ్ సాలోమోను అయ్యాడు. నందిపేట్ నుంచి మాక్లూర్ దాకా ఏ ఇంట్లో పెళ్లి వీడియో వేసుకున్నా చివర్లో ఓ క్షణం అతని పేరు పడేది. దాన్ని ఎవరూ చదివేవాళ్లు కాదు. అప్పటికే జనం లేచి అన్నాలకు వెళ్లిపోయేవాళ్లు.

యజమాని స్వర్ణలత. భర్త రాము కరోనాలో పోయాక షట్టర్ మూసేయమని పదిమందీ చెప్పినా వినకుండా తానే కెమెరా పట్టుకుంది. మంచి మనిషి. అదే సాలోమోనుకు వచ్చిన చిక్కు. చెడ్డ యజమాని అయితే ఏదో ఒకటి తిట్టుకుని గడిపేయవచ్చు.

ఏడాదిగా రెండు ఫిర్యాదులు వస్తున్నాయి. పదిరోజుల్లో అయ్యే పెళ్లి వీడియో నెల దాటినా చేతికి రావడం లేదు. వచ్చినదాంట్లో రంగులు వెలవెలబోతున్నాయి. రెంటికీ సాలోమోను ఒకటే జవాబు చెబుతూ వచ్చాడు. "మిషన్ హ్యాంగ్ అయితున్నది చెల్లె. బొమ్మలు గీసే కార్డు ఉంటది గద, గది ఖరాబైంది. రంగులన్నీ గదే తింటున్నది." చెప్పగా చెప్పగా అది అతనికే నిజమైపోయింది. అవసరం ఉన్న మాటను నమ్మడానికి మనిషికి పెద్ద కష్టమేం ఉండదు.

నిన్న సాయంత్రం స్వర్ణలత వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"రేపు జయరాజ్ వస్తడన్నా. కార్డుకు కొత్త డ్రైవర్ ఏసి స్కోరు చూస్తడట. మిషన్‌ది తప్పని తేలితే కొత్త కార్డు తెప్పిస్త. తప్పు లేకుంటే మటుకు గీ సీజన్ మిక్సింగ్ హైదరాబాద్‌కు పంపుత. ఇంకేం జెయ్యాలె చెప్పు? పార్టీలు ఆగుతలేరు."

మిక్సింగ్ హైదరాబాద్ పోతే ఆ వెనక గదికీ, అందులోని మనిషికీ పని లేదు. ఆ మాట ఆమె అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

అందుకే ఇవాళ పొద్దున్నుంచీ ఈ మంచుకొండ పగులుతోంది. జయరాజ్‌ది పెర్కిట్‌లో కంప్యూటర్ల దుకాణం. ముప్పై దాటినవాడు, గుండ్రటి మనిషి, సాలోమోను పోయే చర్చికే పోతాడు. కార్డు సత్తా కొలిచే ఈ బొమ్మల పరీక్షను ముందు పాత డ్రైవర్ మీదే నడిపి చూశాడు. ఆరువేల రెండొందల చిల్లర వచ్చింది. తర్వాత కొత్త డ్రైవర్ వేసి, మిషన్ ఆపి, మళ్లీ వేసి పరీక్ష పెట్టాడు. ఇనుప పక్షి రెండోసారి కూలిపోయింది. తెర మధ్యన అంకె పడింది. ఐదువేల తొమ్మిదొందలు.

సాలోమోను కుర్చీలోంచి సగం లేచాడు.

"సూసినవా! కొత్తది ఏసినంక ఇంక తగ్గింది. నేను చెప్పలేదా జయరాజ్, కార్డే పోయిందని? జర చెల్లెను పిల్వు."

"ఆగన్నా," అన్నాడు జయరాజ్ తెర మీంచి చూపు తీయకుండా. "డ్రైవర్ అంటే బొమ్మ ఎట్ల గీయాల్నో కార్డుకు చెప్పేది. కొత్తది వచ్చినంక మొదటిపారి అన్నీ మళ్ల నేర్సుకుంటది. గందుకే తక్కువ సూపిస్తది. గీ స్కోరు లెక్కకు రాదు. ఇంకోపారి కొడుదాం."

ఇంకోసారి కొట్టాడు. ఆరువేల ఆరొందలు. మరోసారి కొట్టాడు. దాదాపు అదే.

సాలోమోను ఫ్యాను ఆపి చూడమన్నాడు, వేడికి తగ్గుతుందేమోనని. ఓ ఇరవై తగ్గింది. ఇరవై ముప్పై తేడా ఎప్పుడూ ఉండేదేననీ, ఒకే మిషన్ రెండుసార్లు ఒకే అంకె ఇవ్వదనీ జయరాజ్ ఓపిగ్గా చెప్పాడు. పాత డ్రైవర్ వెనక్కి వేసి చూడమన్నాడు సాలోమోను. వేశాడు. మళ్లీ ఆరువేల రెండొందలే. కొత్తది పెట్టాడు. మళ్లీ పెరిగింది. ఇంత మంచిగా ఉన్న కంప్యూటర్‌ను అంత దిగులుగా చూసిన మనిషిని జయరాజ్ తన దుకాణంలో ఎన్నడూ చూసి ఉండడు.

"గిది ఆటలకు లెక్క గదా," అన్నాడు సాలోమోను చివరికి. "మిక్సింగ్‌కు వేరే ఉంటది లెక్క."

"అవు, నిజమే," అని ఒప్పుకున్నాడు జయరాజ్. సాలోమోను ముఖంలోకి కాస్త వెలుగు వచ్చింది. జయరాజ్ ఓ పెళ్లి పాట తీసుకుని, దాన్ని సినిమాగా మార్చే మీట నొక్కి, చాయ్ చెప్పాడు. చక్కెర లేని చాయ్ సాలోమోను చేతికి వచ్చేసరికి పాట తయారై కూర్చుంది.

"మిషన్ మస్తుగున్నదన్నా," అన్నాడు జయరాజ్ సంతోషంగా. పాపం, అతను శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాడు.

అతను ముందు గదిలోకి పోయాక సాలోమోను ఒక్కడే మిగిలాడు. ఆలస్యం ఎక్కడిదో అతనికి తెలుసు. తలంబ్రాల్లో పెళ్లికూతురు నవ్వే క్షణం పట్టుకోవడానికి అదే ముక్కను తిప్పి తిప్పి చూడాల్సి వస్తోంది. ముఖాలు మసకబారుతున్నాయి. నిజామాబాద్‌లో కంటి దవాఖానకు పోతే డాక్టరు, షుగర్‌తో కంటి వెనక పొర దెబ్బతిన్నదనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోమనీ చెప్పాడు. ఇంటికి వచ్చాక సాలోమోను సువార్తతో మాత్రం అద్దాలు మార్చుకోమన్నారని చెప్పాడు. ఆమె ఆ ఆదివారం చర్చిలో ఆ కొత్త అద్దాల కోసం ప్రార్థన చేయించింది. అతను పక్కనే తలవంచుకుని ఆమెన్ అన్నాడు. చూపు సంగతి సరే. కానీ రంగులు పోగొట్టింది మాత్రం కార్డేనని అతను మనసారా నమ్మాడు. చూపు తగ్గడమంటే అక్షరాలు అలుక్కుపోవడమే అనుకున్నాడు. రంగు పోతుందని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం రొట్టె తిని చెయ్యి కడుక్కుంటుండగా మెట్ల మీద గొంతు వినిపించింది. నందిపేట్ దిక్కు నుంచి మంగవ్వ వచ్చింది. రెండు నెలల కింద ఆమె బిడ్డ భాగ్యలక్ష్మి పెళ్లి. యార్డులో పసుపు దించి నేరుగా ఇటే వచ్చినట్టుంది, చేతులు మోచేతుల దాకా పసుపు పట్టి ఉన్నాయి. పెన్‌డ్రైవ్ స్వర్ణలత ముందు పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"సూడు బిడ్డా, మావోళ్లంత టీవీ ముందట కూసున్నరు. పెండ్లిపిల్లకు పసుపు వెట్టే కాడికి వచ్చేసరికి మా ఆడిబిడ్డ నవ్వుడే నవ్వుడు. మా బిడ్డకు మీరు పసుపు వెట్టిన్రా, సున్నం వెట్టిన్రా?"

ఇంకా ముందు గదిలోనే ఉన్న జయరాజ్‌తో సహా అందరూ వెనక గదిలోకి వచ్చారు. సాలోమోనుకు భయం వెయ్యలేదు. పైగా ఓ చిన్న ఆశ కలిగింది. స్కోరు పెరిగిందంటే కార్డు బాగుపడినట్టే కదా, ఇకమీద రంగులు కూడా బాగుంటాయి కదా. అతను మెత్త సర్దుకుని కూర్చుని, ఆ ముక్కను వెతికి తెర మీద ఆపాడు. పీట మీద భాగ్యలక్ష్మి, చుట్టూ ముత్తైదువలు, చెంపల నిండా పసుపు.

"గప్పుడు పాత డ్రైవర్ ఉండే అక్కా. ఇయ్యాల్నే కొత్తది ఏసినం. ఇప్పుడు సూడు, ఎంత మంచిగున్నదో."

మంగవ్వ చూసింది. కొంగు ముడి విప్పి ఓ పసుపు కొమ్ము తీసింది. యార్డులో వ్యాపారి ముందు విరిచినట్టే రెండు చేతులా పట్టుకుని టక్కున విరిచి, విరిగిన ముఖం కనపడేలా తెరకు ఆనించి పట్టుకుంది.

"గిది మా చేన్ల పసుపు. గా తెర మీద ఉన్నది ఏందన్నా?"

సాలోమోను ముందుకు వంగాడు. కొమ్మును చూశాడు. తెరను చూశాడు. అద్దాలు తీసి చొక్కాతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూశాడు. ఎంత నిదానంగా చూసినా అతనికి తేడా కనిపించలేదు.

"ఒక్కతీరుగనే ఉన్నయి గదక్కా," అన్నాడు.

మంగవ్వకు ముందు కోపం వచ్చింది. "నవ్వులాటకా అన్నా?" అని గట్టిగానే అనబోయి, అతని ముఖం చూసి సగంలోనే ఆగిపోయింది. జయరాజ్ చూపు దించుకున్నాడు. స్వర్ణలత కొమ్మును చూసి, తెరను చూసి, తర్వాత చాలాసేపు సాలోమోనునే చూసింది.

"జర జరుగన్నా," అని జయరాజ్ మెల్లగా మౌస్ అందుకున్నాడు. రంగుల గీత మీద చుక్కను పట్టుకుని కొంచెం కొంచెంగా ఎడమకు లాగాడు. లాగుతూ ఉండగా మంగవ్వ ముఖం విచ్చుకుంది.

"ఆఁ, గిట్ల! గిట్లనే ఉండె నా బిడ్డ! పసుపంటే గిది!"

స్వర్ణలత కూడా తల ఊపింది. సాలోమోను జయరాజ్ చెయ్యి కదలడం చూశాడు, చుక్క కదలడం చూశాడు. భాగ్యలక్ష్మి చెంపల మీద మాత్రం ఏమీ కదలలేదు. ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఏడాదిగా ఈ కుర్చీలో కూర్చుని ఎంతమంది పెళ్లికూతుళ్లకు సున్నం పూశానో అనుకున్నాడు. పసుపు కొనే ఊళ్లో, పసుపు పండించేవాళ్ల పెళ్లిళ్లలో, వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలిసిపోయే రంగును తాను పాడుచేస్తూ వచ్చాడు. ఆ పాపం కార్డు మీద పెట్టాడు.

మంగవ్వ పోతూ పోతూ అతని భుజం మీద చెయ్యి వేసింది. "పైలం అన్నా," అంది. తిట్టిపోసి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆమె మెట్లు దిగాక స్వర్ణలత అడిగింది. "ఎన్ని దినాలసంది అన్నా?"

"ఏమో చెల్లె. రంగుల సంగతి నాకు గూడ గిప్పుడే ఎర్కైంది."

"దవాఖానకు పోదాం. నేను వస్త."

"పోయిన. ఇగ రాదన్నరు."

సాలోమోను ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గర ఆగి, గదిని కాదు, కంప్యూటర్‌నే ఓసారి చూశాడు.

"స్కోరు మంచిగనే వచ్చింది చెల్లె. మిషన్‌ను ఏమనకుండ్రి. హైదరాబాదోళ్లకే పంపు," అన్నాడు.

రోడ్డు మీద ఎండ దంచుతోంది. యార్డు నుంచి వచ్చే లారీల మీద పట్టాలు ఎగురుతున్నాయి, గాలి నిండా పసుపు వాసన. గేటు పక్కన ఓ కుప్ప ఆరబోసి ఉంది. ఎప్పుడూ పక్కనుంచి పోయే కుప్పే. సాలోమోను దాని ముందు నిలబడ్డాడు. వాసన వల్ల అది పసుపని తెలుస్తోంది. కళ్లకైతే ఏ ధాన్యమైనా అలాగే ఉండేది. సువార్తకు ఈసారి అద్దాల కథ చెప్పి లాభం లేదు. కూరలో పసుపు ఎక్కువైందా తక్కువైందా అని ఆమె గిన్నె ముందు పెట్టి అడుగుతూ ఉంటుంది. పెర్కిట్ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ పక్కన ఖాళీ ఉన్నా ఎండలోకి చూడలేక వెనక, లోపలికంటా కూర్చున్నాడు. ఆటో కదిలింది. మిక్సింగ్ సాలోమోను స్టూడియో వైపు తిరిగి చూడలేదు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అతను వెళ్లిపోయిన రోజు సాయంత్రం స్వర్ణలత వెనక గదిలో లైటు ఆపడానికి వచ్చింది. కుర్చీలో పాత చీర మెత్త అణిగి, కూర్చున్న మనిషి గుర్తుతో అలాగే ఉంది. దాన్ని తీసి పక్కన పెడదామని చెయ్యి చాచి, మానుకుంది. కంప్యూటర్ ఆపింది. మౌస్ పక్కన మంగవ్వ మరిచిపోయిన పసుపు కొమ్ము రెండు ముక్కలుగా పడి ఉంది, విరిగిన చోట నిండు పసుపుతో.