పోయిందన్న దగ్గు

కట్టర్ తిరుగుతున్నంతసేపూ ఎలీషబాకు హాయి. రంపం రాయిని కోసే ఆ మోతలో పక్కన నిలబడిన మనిషి అరిచినా వినిపించదు. అందుకని ఆమె ఆ మోత చాటున కడుపారా దగ్గుకుంటుంది. ముక్కుకూ నోటికీ కట్టుకున్న తుండుగుడ్డ పొంగుతూ అణుగుతూ ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఒక దగ్గు తెర తీరగానే తడిగుడ్డతో ఇంకో పలకరాయి తుడిచి, అంచు పగిలిందేమో వేలితో తడిమి చూసి, బాగున్నదాన్ని నిలువుగా పేర్చి, పగిలినదాన్ని పక్కకు గిరాటేస్తుంది. మార్కాపురంలో బడి పిల్లల పలకలు చేసిన రోజుల నుంచీ ఆమెది ఇదే పని. ఇప్పుడు గోడలకు అంటించే రాళ్లే ఎక్కువ. రాయి మారింది కానీ దుమ్ము మారలేదు. ఆమె గోళ్ల సందుల్లో, మడమల పగుళ్లలో, చెవి వెనుక మడతలో ఆ బూడిదరంగు ఎంత తోమినా పోదు.

కరెంటు పోయినప్పుడే ప్రాణసంకటం. మోత ఠక్కున ఆగిపోతుంది. షెడ్డంతా ఎవరి ఊపిరి వాళ్లకు వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు దగ్గు సగంలో ఉందనుకోండి, దాన్ని మింగాలి. ఎలీషబా మింగుతుంది. మెడ నరాలు తాళ్లలా తేలి, పక్కటెముకలు లోపలికి పోయి, ముఖం కందగడ్డ అవుతుంది. అయినా మింగుతుంది. ఎందుకంటే ఆమెకు దగ్గు లేదు. లేదని ఊరందరికీ తెలుసు.

ఆ కథ కరోనా ఏడాదిలో మొదలైంది. అప్పటికి ఆమె భర్త యాకోబు పోయి చాలాకాలం. పలకరాతి గనిలో దిగి దిగి, చివరికి మంచం మీద కూర్చునే నిద్రపోవడం నేర్చుకుని పోయాడు. ఎలీషబాకూ అదే దగ్గు పట్టింది. ఇంతలో ఊళ్లన్నీ మూతపడ్డాయి, ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఆమె ఇంట్లో కూర్చుని ఉపవాసాలుండి ప్రార్థన చేసింది. దగ్గు కొంచెం కొంచెంగా తగ్గి, ఒక రోజు అసలు రానేలేదు. చర్చి మళ్లీ తెరిచిన ఆదివారం ఆమె లేచి నిలబడి, “ప్రభువు నన్ను ముట్టినాడు. నా దగ్గు పోయినాది” అని సాక్ష్యం చెప్పి ఏడ్చింది. పాస్టరు శ్యాంసన్ కూడా ఏడ్చాడు. సంఘానికి కొత్తగా వచ్చిన పిల్లవాడాయన, ముప్పై దాటాయో లేదో. ఆ సాక్ష్యాన్ని ఫోనులో పట్టి అందరికీ పంపాడు. పుల్లలచెరువు నుంచీ వెలిగండ్ల నుంచీ జనం వచ్చి ఆమెను చూసి పోయారు.

ఆ తరువాత ఫ్యాక్టరీ తెరిచారు. ఆ వానాకాలం పోకముందే దగ్గు తిరిగి వచ్చింది, ఊరికి పోయివచ్చిన ఇంటిమనిషిలా. దుమ్ము లేకపోవడం వల్లనే తగ్గి ఉంటుందని ఆమెకు తోచలేదు. తనలోనే ఏదో తప్పుందనీ, దేవుడిచ్చినదాన్ని నిలుపుకోలేకపోయిందనీ అనుకుంది. చెబుదామంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మింగలేక కక్కలేక అనే మాట ఎవరు పుట్టించారో కానీ, ఎలీషబాను చూసే పుట్టించి ఉండాలి. యాకోబులాగే కూర్చుని నిద్రపోవడం నేర్చుకుంది. చర్చిలో తలుపు పక్కన కూర్చోవడం నేర్చుకుంది. డప్పులూ చప్పట్లూ జోరుగా ఉండే పాటలంటే ఇష్టపడడం నేర్చుకుంది. మౌన ప్రార్థన అనగానే మెల్లగా లేచి బయటికి పోవడం నేర్చుకుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు నీడలో భాగ్యమ్మతో కలిసి క్యారియరు విప్పింది. భాగ్యమ్మ వాళ్లు గొర్రెలు కాచుకునేవాళ్లు. పుల్లలచెరువు దగ్గర నీళ్లెండిపోయి ఈ పనికొచ్చారు. ఎలీషబా సాక్ష్యం విన్నాకనే ఆమె చర్చికి రావడం మొదలుపెట్టింది. ఈ మధ్య ఆమె కూడా దగ్గుతోంది.

“మాత్రలు మానేసినా అక్కా,” అంది భాగ్యమ్మ, పచ్చడి కలుపుకుంటూ.

ఎలీషబా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. “ఎందుకు మానేసినావే?”

“నువ్వు మింగినావా ఏంది? ప్రార్థనతోనే పోయినాది గదా నీకు. ఒక పక్క మాత్ర మింగతా ఇంకో పక్క ప్రార్థన చేస్తే, నమ్మకం లేనట్టే గదా.”

“డాక్టరు చెప్పినాడు గదే. మింగు తల్లీ. మాత్ర మాత్రం దేవుడిది కాదా?”

“నువ్వట్లనే చెప్తావులే,” అని భాగ్యమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దాచుకోకుండా, ఎండలోకి తిరిగి, హాయిగా దగ్గింది. ఎలీషబా ఆ దగ్గును అసూయతో విన్నది. ఆ వెంటనే భయమేసింది. యాకోబు దగ్గు కూడా మొదట్లో ఇట్లాగే ఉండేది.

ఎండ వాలకముందే పాస్టరు మోటారుసైకిలు మీద వచ్చాడు. సంఘాలన్నీ కలిసి జెరూసలేం పోతున్నాయి. యుద్ధమని ఒకసారి ఆగిపోయిన ప్రయాణం మళ్లీ కుదిరింది. జట్టును నడిపించేవాళ్లకు టూరు కంపెనీ ఉచితంగా ఇచ్చే రెండు సీట్లలో ఒకటి పాస్టరు భార్య ప్రేమకుమారిది. ఆమె కడుపుతో ఉంది కాబట్టి ఆ సీటు ఎలీషబాకు ఇచ్చింది. దగ్గు పోయిన మనిషి వెళ్లి దేవుడికి కృతజ్ఞత చెప్పి రావాలని సంఘమంతా సంబరపడింది. ఎలీషబా వెళ్తున్నది అందుకు కాదు. ఒక ఆదివారం పాస్టరు తెర మీద జెరూసలేంలోని బేతెస్ద కోనేరు బొమ్మ చూపించాడు. పాత రాళ్లు, మెట్లు, అడుగున కాసిని నీళ్లు. నయమవుతుందని రోగులు ఆ నీళ్ల కోసం పడిగాపులు పడేవారని చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే ఆశ. ఆ నీళ్లు దోసిట్లో పట్టి రొమ్ముకు రాసుకోవాలి. అక్కడన్నా పోకపోతే ఇంకెక్కడా పోదు.

ప్రయాణానికి ఇన్సూరెన్సు తీసుకోవాలట. ఆ ఆఫీసు బస్టాండు ఎదురుగా, సెల్లు దుకాణం పైన. పాస్టరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. ఎలీషబా మధ్యలో ఆగి, ఊడని కుచ్చిళ్లు సర్దుకుని, గోడ పట్టుకుని, మళ్లీ ఎక్కింది.

ఆఫీసు నడిపే ఉమ కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. “ఆయాసంగా ఉన్నట్టుందే పెద్దమ్మా?”

“మెట్లు గదమ్మా.”

ఉమ కంప్యూటరు వైపు తిరిగి ఒక్కొక్కటీ అడుగుతూ కొట్టుకుంటూ పోయింది. “బీపీ, షుగరు, గుండె, ఊపిరితిత్తులు. వీటిల్లో ఏమన్నా ఉన్నాయా?”

పాస్టరు పెద్దగా నవ్వాడు. “ఈమెనా మీరు అడిగేది? ఈమె ఊపిరితిత్తుల సంగతి మా సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసమ్మా.”

“ఆమె నోటితో చెప్పాలి సార్,” అంది ఉమ. ఎలీషబా వైపు కుర్చీ తిప్పుకుంది. “ఇందులో రెండు రకాలున్నాయి పెద్దమ్మా. మామూలుది తీసుకుంటే, అక్కడ కొత్తగా జరమొచ్చినా కాలు విరిగినా వాళ్లే చూసుకుంటారు. ముందు నుంచీ ఉన్న జబ్బు తిరగబెడితే మాత్రం మాకు సంబంధం లేదంటారు. రెండోది పాత జబ్బుకు కూడా పనికొస్తుంది. కాకపోతే జబ్బు ఉందని ఇప్పుడే చెప్పాలి. ఎక్స్‌రే, డాక్టరు రాసిన కాగితం పెట్టాలి.”

“పెడితే ఇస్తారా?”

“చూసి, ఇస్తే ఇస్తారు. లేకపోతే లేదు.”

“ఇయ్యకపోతే?”

“ఇన్సూరెన్సు లేకుండా టూరోళ్లు ఎక్కించుకోరు పెద్దమ్మా.”

తలపై ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎలీషబా దాని వైపు చూసింది. అది కట్టర్‌లా మోత చేసే ఫ్యాను కాదు.

“దాచిపెట్టి పోతే ఇంకా కష్టం,” అని ఉమ పాస్టరుతో అంది. “అక్కడ ఆస్పత్రి పాలైతే ఇన్సూరెన్సోళ్లు పైసా ఇయ్యరు. ఆ బిల్లంతా జట్టు తీసుకుపోయిన మీ మెడకు చుట్టుకుంటుంది. అందుకే మీ సంతకం.”

“ఎక్కడ పెట్టాలి?” అన్నాడు పాస్టరు, జేబులో పెన్ను తీస్తూ.

“పెద్దమ్మా, ఏమన్నా ఉందా?”

“ఏం లేదమ్మా,” అంది ఎలీషబా.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది, ఇన్నేళ్లుగా వాడుతున్నది కదా. పాస్టరు చదవకుండానే సంతకం చేశాడు. అప్పుడే దగ్గు పైకి తన్నుకొచ్చింది. ఆమె చటుక్కున లేచి మెట్ల దాకా పోయింది. కింద గిద్దలూరు బస్సు వెనక్కి తిరుగుతూ హారను కొడుతోంది. ఆ హారను ఆగేలోపు దగ్గేసి, నోరు తుడుచుకుని లోపలికి వచ్చింది. కొంగు మీద ఎర్రటి చుక్క కనిపించింది. కొంగు మడత లోపలికి తిప్పుకుంది.

“రేపు పొద్దున పంపిస్తా,” అంది ఉమ. ఎందుకో ఆమె ముఖంలోకి చూస్తూ, “ఈలోగా ఏదన్నా మార్చాలంటే ఒక ఫోను చెయ్యండి, చాలు” అంది.

బండి మీద వెనుక కూర్చున్న ఎలీషబాకు పాస్టరు వీపు కనిపిస్తోంది. చొక్కా కాలరు వెనుక కుట్టు ఊడింది. ప్రేమకుమారికి నీళ్లాడే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి కుట్టే తీరిక లేదు కాబోలు. ఇల్లు లేదు, పొలం లేదు, ఈ బండి ఒక్కటే ఉంది ఈ పిల్లవాడికి. తాను అక్కడ పడిపోతే ఈ మనిషి ఏం కావాలి? చెబితే కోనేరు పోతుంది. చెప్పకపోతే ఈయన పోతాడు. ఆమెకు ఏడుపొచ్చింది. దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం చర్చిలో శుక్రవారపు ప్రార్థన. రేకుల కింద పట్టలు పరిచారు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. ఎలీషబా తలుపు పక్కన, ఆమె పక్కన భాగ్యమ్మ. రెండు పాటలయ్యాయి. జోరుగా ఉన్న పాటలే. అయినా ఆ చప్పట్లలో కూడా ఆమె దగ్గలేదు. భాగ్యమ్మ అరచేతిలోకి దగ్గుకోవడం వింటూ కూర్చుంది.

“మన ఎలీషబమ్మ ప్రయాణం ఖాయమైపోయింది,” అన్నాడు పాస్టరు వెలిగిపోతున్న ముఖంతో. “ఇన్సూరెన్సు కూడా అయిపోయింది. ఒకసారి లేచి సాక్ష్యం చెప్పమ్మా.”

ఆమె గోడ పట్టుకుని లేచింది. మైకు చేతికందింది. జనం ముందే చప్పట్లు కొట్టారు.

“పోలా,” అంది ఆమె.

చప్పట్లు ఆగాయి.

“నా దగ్గు పోలా. అప్పుడు తగ్గిన మాట నిజమే. ఫ్యాక్టరీ తెరిచినాక మళ్లా వచ్చినాది. అయ్యగారు ఊరూరా చెప్తా ఉంటిరి. నేను ఎట్ల కాదనేది? బయటికి పోయి దగ్గుకుంటా వచ్చినా.” ఊపిరి కోసం ఆగింది. మైకులో ఆ ఊపిరి గీసుకుంటూ పోవడం అందరికీ వినిపించింది. “ఆ కోనేటి కాడన్నా పోతాదని ఆశపడినా. ఇయ్యాల కూడా ఏం లేదని చెప్పినా. ఉంది. ఉమమ్మకు ఫోను చేసి ఉందని రాయమనండి అయ్యగారూ. నన్ను ఎక్కించుకోకపోతే మానె. నాకోసం మీరు చిక్కుల్లో పడొద్దు.”

పక్కకు తిరిగి, మైకులో అని కూడా చూసుకోకుండా, “భాగ్యమ్మా, రేపు మాత్ర మింగు. ఆ దుమ్ములోకి పోవాకు. నన్ను చూసి నువ్వు చావాకు” అంది.

ఆ తరువాత దగ్గు వచ్చింది. ఆమె మింగలేదు. అన్నేళ్ల దగ్గూ ఆ రేకుల కింద, అందరి ముందూ దగ్గింది. మైకు ఎవరో తీసుకున్నారు. ఆమె గోడకు జారగిలబడి కూర్చుంది.

పాస్టరు ఆడవాళ్ల మధ్య నుంచి వచ్చి ఆమె ఎదురుగా పట్ట మీద కూర్చున్నాడు. “ఎందుకు చెప్పలేదమ్మా? నేను ఏమన్నా అంటానా?”

“మీ మొగం చూసి చెప్పలేకపోయినా.”

“తప్పు నాదే. నిన్ను ఊరూరా చూపించింది నేనే గదా.” ఆమె చేయి పట్టుకున్నాడు. “పొద్దున్నే ఒంగోలు పోదాం. ముందు డాక్టరు. వాళ్లు సీటిచ్చినా ఇయ్యకపోయినా, ముందు డాక్టరు.”

ఎలీషబా తలాడించింది. ఆ ముఖంలో తేలిక అందరికీ కనిపించింది. భాగ్యమ్మ నీళ్లు తెస్తానని లేచి పోయింది. పాస్టరు వేదిక దగ్గరికి వెళ్లి, అందరం గొంతెత్తి ఈ తల్లి కోసం ప్రార్థన చేద్దామన్నాడు.

అందరూ ఒక్కసారిగా గొంతులెత్తారు. ఎవరి ప్రార్థన వాళ్లదే, ఎవరి ఏడుపు వాళ్లదే. రేకులు అదిరిపోయాయి. ఆ హోరులో ఎలీషబా దగ్గుతూనే ఉంది. తల మీది ముసుగు ముఖం మీదికి జారింది. భాగ్యమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి, పట్ట మీద ఆమె మోకాలి దగ్గర పెట్టి, తానూ కళ్లు మూసుకుని చేతులెత్తింది. ప్రార్థన చాలాసేపు సాగింది. ఇంత ప్రేమగా ఆ సంఘం ఎవరికోసమూ ప్రార్థన చేసి ఉండదు. చివరికి పాస్టరు ఆమేన్ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

నిశ్శబ్దం. అందరూ చెవులు తలుపు వైపు పెట్టి విన్నారు. దగ్గు వినిపించలేదు.

“ఆగినాది,” అంది ముందు వరసలో ఒక ముసలమ్మ. “స్తోత్రం! ఆగినాది.”

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు కలిశారు. కళ్లు తెరవకుండానే పాస్టరు రెండు చేతులూ పైకెత్తాడు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. భాగ్యమ్మ సంతోషం పట్టలేక పక్కకు తిరిగి, “అక్కా!” అని భుజం పట్టుకుంది. ఎలీషబా తల మెత్తగా వచ్చి ఆమె రొమ్ము మీద వాలింది. భాగ్యమ్మ ఆ ముసుగు తొలగించి చూసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి, అట్లాగే ఉంచింది. ఆమెను చూసిన పక్కావిడ చేతులు ఆగాయి. ఆ వెనుక వరస చేతులు ఆగాయి. చప్పట్లు వెనుక నుంచి ముందుకు ఒక్కొక్క వరసే ఆగుతూ పోయాయి. ముందు వరసలో ముసలమ్మ మాత్రం ఇంకా కొడుతూనే ఉంది.

తరువాత మగవాళ్లు వచ్చి ఎలీషబాను పట్ట మీద పడుకోబెట్టారు. ఎన్నో ఏళ్ల తరువాత ఆమె వెల్లకిలా పడుకుంది. గోడ దగ్గర, ఆమె కూర్చున్న చోట, స్టీలు గ్లాసులో నీళ్లు నిండుగా అట్లాగే ఉన్నాయి.